జర్మనీ స్పీకరు, మా పెద్దబాపు చెవులు

మా పెద్దబాపు పోయిన కబురు నాకు గంజ్‌లో తెలిసింది. అక్కడ కమీషన్ మీద బెల్లం అమ్మించే అడ్తి సేటు నన్ను పిలిచి, “మీ రేడియో బందయిందట గదా,” అన్నాడు. పక్కనున్నవాళ్లు నవ్వు ఆపుకున్నారు. చచ్చిన మనిషి మీద ఇంత చవకగా నవ్వగలిగే ఊరి కోసమే ఇది రాస్తున్నాను. సిగ్గుపడితే పడండి.

ఆ గంజ్‌లోనే ఆయన హర్రాజు పాడేవాడు. కోహీరు, ఝరాసంగం ఊళ్ల బండ్లు దిగగానే బస్తా మీదికెక్కి ధర కేకేసేవాడు. గుంపులో ఎవరు ఎంతన్నారో తల తిప్పకుండా పట్టేవాడు. ఆ చెవుల మీదే ఇల్లు గడిచింది. రైతు నోట మన్ను పడకుండా ఉన్నదీ వాటివల్లే. “ధర జెప్పే గొంతు గాదురా, గుటక మింగే గొంతు ఇను,” అనేవాడు. అబద్ధాన్ని గొంతులో పోల్చుకోవడం నాకు ఆయన పెట్టిన భిక్ష. సంఘంలో చేరి కరపత్రాలు చదివింది ఆ తర్వాతే.

గల్లీలో రేడియో ఆయనదొక్కటే. పొద్దుగూకగానే కిటికీ తెరిచి దాన్ని వీధివైపు తిప్పేవాడు. కొత్త సామాను బిగించిన రోజు అందరికీ చాయ్. తాగినవాళ్లు తేడా చెప్పాలి. అదొక రివాజు. చెప్పేవాళ్లు కూడా. ఊరికే వచ్చిన చాయ్ తాగినాక తేడా వినపడనిదెవరికి?

మొదట విలాయతీ వాల్వులు, తర్వాత ఇంటి కప్పు మీద రాగి తీగ. చివరికి పట్నం నుంచి జర్మనీ స్పీకరు. జొన్నరొట్టె తినే ఇంట్లో ఇదేం దొరల రోగమని నేను కొట్లాడేవాణ్ని.

“ఇనేటోనికి తెలుస్తది తేడా. సదివేటోనికేం తెలుస్తదిరా?” అన్నాడు, నా నోటి వైపే చూస్తూ.

రేడియో బాగుచేసే ఖాన్ సాబును అడిగాను. తేడా ఉన్నమాట నిజమేనట, వెంట్రుకంత. అదీ చెవి మంచిగుంటేనే. అంటే మంచి చెవికి పాత స్పీకరే చాలు, చెడిన చెవికి కొత్తదీ చాలదు. ఈ మాట మీద నేను ఇప్పటికీ నిలబడతాను.

స్పీకరు బిగించిన సాయంత్రం, చాయ్ గ్లాసులు చేతుల్లో ఉండగా, సేటు పెద్దబాపు కంటపడకుండా మెల్లగా గుండీ తిప్పి చప్పుడు పూర్తిగా తీసేశాడు. రేడియో ఆకుపచ్చ దీపం మాత్రం వెలుగుతూనే ఉంది. అందరూ పాట వింటున్నట్టే తలలాడించారు. పెద్దబాపు వాళ్లను చూసి తానూ తలాడించాడు.

“ఇప్పుడు సూడున్రి. సితారు తీగలు ఏటికయే ఇనవడుతున్నయ్.”

గల్లీ విరగబడి నవ్వింది. మెచ్చుకుంటున్నారనుకుని ఆయనా నవ్వాడు. ఆ నవ్వు చూడలేక నేను లేచి గుండీని చివరిదాకా తిప్పాను. గోడలదిరాయి. వంటింట్లోంచి పెద్దమ్మ రెండు చెవులూ మూసుకుని ఉరికొచ్చింది. పెద్దబాపు రేడియో వైపు చూడలేదు. ఆమె చేతుల వైపే చూస్తూ ఉండిపోయాడు. మొగం మీది నవ్వు ఎక్కడ దించాలో తెలియలేదు ఆయనకు. నిజం దాచడం దయ అని నేను ఏ కరపత్రంలోనూ చదవలేదు. చాయ్ తాగి నిజం దాచినవాళ్లను మాత్రం మీరే చూశారు.

మరుసటి అంగడి రోజుకే బస్తా మీద ఇంకొకడు నిలబడ్డాడు. పెద్దబాపును ఇంటికి పొమ్మన్నారు. ముందే నాకెందుకు చెప్పలేదని పలక మీద రాసి చూపించాను.

పలక తిరిగి నా చేతికిచ్చి అన్నాడు: “మిషను ఖరాబైందనుకుంటె బాగుచేపిచ్చుకోవచ్చు గదరా.”

ఆ తర్వాత సామాను కొనలేదు, గంజ్ వైపు పోలేదు. రోజూ కిటికీ మాత్రం తెరిచాడు. తాను వినలేని పాటను, తన పొట్ట కొట్టినవాళ్లకే వినిపించాడు. వాళ్లు సిగ్గు లేకుండా వచ్చి కూర్చున్నారు. ఆ మంచితనం మీద నాకు ఇంకా కోపమే.

కర్మలు ముగిసిన పెద్దదినం సాయంత్రం గల్లీవాళ్లు మళ్లీ వచ్చారు. “వదినె, జర రేడియో పెట్టరాదూ. అన్న ఆత్మకు శాంతిగుంటది,” అన్నాడు సేటు.

పెద్దమ్మ కిటికీ రెక్కలు దగ్గరికి వేసింది. రేడియో పెట్టింది, తన ఒక్కదానికే వినపడేంత. బయట సేటు మెడ చాచి, అరచేయి చెవి వెనక పెట్టుకున్నాడు. మిగతావాళ్లూ అట్లే పెట్టుకున్నారు. రెక్కల సందులోంచి ఆకుపచ్చ దీపం ఒక్కటే కనబడుతోంది.