చిన్న కొడుకు సమ్మతికి ఒక జత బూట్లు

మ్యూజియంలో పాత పత్రమున్న గాజుపెట్టె కింద రాసిన నాలుగు వరుసలను మా ఆయన రెండోసారి చదివి, నా వైపు చూడకుండా పక్కకు జరిగారు. అప్పుడు పదకొండు ఇరవై. ఈయన వెళ్లిపోతారన్న భయం నాకు మొదట కలిగింది అక్కడే.

మేం ఉంటున్న ఈ ద్వీప దేశంలో ఆయన జురాంగ్ ఐలాండ్ ఫ్యాక్టరీలో ఇంజనీరు. యుద్ధం జరుగుతున్న చోటికి దగ్గర్లోని ఒక ఎడారి దేశంలో రెండేళ్లు పనిచేయమని కంపెనీ అడిగింది. ఇంకా ఆలోచిస్తున్నాననే నాతో అంటూ వచ్చారు.

ఆ ఆదివారం తొమ్మిదిన్నరకు పిల్లలిద్దరితో మా ఇంటి దగ్గరి చోవా చూ కాంగ్‌లో రైలెక్కాం. సిటీ హాల్ స్టేషనుకు గంట ప్రయాణం, ఆపైన పది నిమిషాల నడక. ఫ్రాన్స్‌లోని ఒక చిన్న ఊరి చరిత్ర మీద ప్రదర్శన అది. ప్రవేశం ఉచితం. కోట నమూనా దగ్గర పిల్లలు కదలరు, దాన్ని చివరికి ఉంచుకోండి.

ఆ ఊరి ప్రభువులు మూడు తరాల పాటు జెరూసలేం కోసం క్రూసేడు యుద్ధాలకు వెళ్లారు. దారి ఖర్చులకు పొలమో పిండిమరో మఠానికి అమ్మేవారు. తర్వాత తగాదా రాకుండా భార్యాపిల్లల సమ్మతి కూడా పత్రంలో రాయించేవారు. మేం చూసిన పత్రంలో భార్య సమ్మతించింది, పెద్ద కొడుకు సమ్మతించాడు, చిన్నవాడు సమ్మతించినందుకు ఒక జత బూట్లు ఇచ్చారు. ఆ ప్రభువు తిరిగి రాలేదట.

"షూస్ ఇస్తే యెస్ అనేశాడా? సో చీప్ లా" అన్నాడు ఇక్కడి పిల్లల యాసలో మా ఏడేళ్ల వాడు.

"నువ్వయితే ఐస్‌క్రీమ్‌కే అంటావు" అంది వాళ్లక్క.

వాళ్ల నాన్న నవ్వలేదు.

ఒంటిగంటకు తిండి దుకాణాలుండే హాకర్ సెంటర్లో టిష్యూ ప్యాకెట్ పెట్టి బల్ల చోప్ చేసుకుని, అంటే మాదేనని ఆపుకుని, దోసెలు తెచ్చుకున్నాం. పిల్లలు చేతులు కడుక్కోవడానికి వెళ్లగానే అడిగాను.

"సంతకం పెట్టేశారా?"

"శుక్రవారం. అడిగితే నువ్వు వద్దంటావని."

"అనేదాన్నే."

"అందుకే అడగలేదు."

అన్ని వందల ఏళ్ల క్రితం ఆ దొర కనీసం అడిగినట్టు రాయించాడు.

రెండున్నరకు తిరుగు రైలు. మా తెలుగు విని పక్క సీటతను పలకరించాడు. శ్రీకాకుళం వైపు మనిషి, షిప్‌యార్డులో పని. ఈ దేశం వచ్చి ఎన్నేళ్లయిందని మా ఆయన అడిగారు.

"ఐదేళ్లండి. మొదట్లో మా పాప ఎప్పుడొస్తావు నాన్నా అని ఫోన్లో ఒకటే గోల. ఇప్పుడు అడగడం మానేసిందండి."

క్రాంజీ స్టేషన్లో అతను దిగిపోయాడు. ప్రదర్శనలో కత్తులు, కవచాలు చాలా ఉన్నాయి. నాకు గుర్తున్నది ఆ పత్రంలో భార్య పేరు పక్కన సమ్మతికి వేసిన చిన్న సిరా గుర్తొక్కటే.

మర్నాడు పొద్దున బడికి తయారవుతున్న పిల్లలకు నేనే చెప్పాను. "నాన్న రెండేళ్లు వేరే దేశం వెళ్తున్నారు. నన్ను అడగలేదు, మిమ్మల్నీ అడగలేదు. మీకు ఇష్టం లేకపోతే లేదనే చెప్పండి. చెప్పినా ఆయన వెళ్తారు. అయినా చెప్పండి."