గొడుగు మీద పేడ

మా అవ్వ ఆండాళమ్మకు ఒక్కటే జబ్బు. ఊళ్లో ఎవరు ఏ తప్పు చేసినా "నేనే చేసిన" అంటుంది. పంతులు కుర్చీ కాలు విరిగితే తనే విరిచింది. గుర్వయ్య మేక పక్కోళ్ల చేను మేస్తే అదీ తన పనే.

"మేక మేస్తే నీ తప్పెట్లయితది అవ్వా?"

"నేనే తోలిన బిడ్డా. ఏం జేస్తవో జెయ్యి."

కల్వకుర్తి సంతలో కూడా ఆమె పేరు తప్పుల ఆండాళమ్మే. బడిలో ఏది పోయినా పిల్లలు నా వైపు తిరిగి "వాళ్ల అవ్వే" అనేవారు. ఆ సిగ్గుతోనే నా చదువు అయిదో తరగతిలో ఆగిపోయింది. లెక్కలు రాకపోవడం కూడా కొంత కారణం.

పోలీసు చర్య తరువాత ఊళ్లో క్యాంపు వేసిన జవాన్లు, కమ్యూనిస్టు దళానికి రొట్టెలు ఎవరు పంపారని అడిగారు.

"నేనే."

"గంపెడు రొట్టెలు ఒక్కదానివే చేసినవా?"

"చేతులు రెండున్నయి గద సారూ!"

మతిలేని ముసలిదని వదిలేశారు.

తరువాత ఓట్లొచ్చాయి. పోరాటమప్పుడు పట్నం పారిపోయిన మా దొర, ఖద్దరు కట్టుకుని తిరిగొచ్చి గొడుగు గుర్తు మీద నిలబడ్డాడు. మా సాలె వాడలో మగ్గాల దగ్గర ఒకటే ముచ్చట.

"వెట్టి చేయించినోనికి ఓటెయ్యాల్నా?"

"జర మెల్లగ మాట్లాడు. వింటరు."

"ఫికరెందుకే? ఓట్ల డబ్బాలు పరదా ఎన్కుంటయంట. ఎవలకేసినమో దేవునికి సుత తెల్వదంట."

"ఎవడ్రా అన్నది?" అంటూ దొర మనిషి తలుపు తోసేవాడు. అందరూ నూలు సరిచేసుకునేవారు.

మూల నుంచి అవ్వ గొంతు: "నేనే అన్న."

ఒకరోజు తెల్లారేసరికి దొర గడి గోడ మీది గొడుగు బొమ్మ నిండా పేడ. అది సిద్దిరాములు పనని వాడంతటికీ తెలుసు. నెల కిందటే అతను జైలు నుంచి వచ్చాడు. భార్య యాదమ్మకు నెలలు నిండాయి. మళ్లీ పట్టుకుపోతే ఎప్పుడొస్తాడో, అసలు వస్తాడో రాడో.

దొర పోలీసు జమేదారును వెంటబెట్టుకొచ్చి, అందరినీ గడి ముందర నిలబెట్టాడు.

"చెప్తరా, వాడనంత ఠాణాకు తోలాల్నా?"

మగాళ్లంతా నేల చూశారు. సిద్దిరాములు పెదవి కదిలింది. యాదమ్మ అతని చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"నేనే," అంది అవ్వ.

జమేదారు గోడను, అవ్వను మార్చి మార్చి చూశాడు. బొమ్మ ఇద్దరు మనుషుల ఎత్తున ఉంది. మా అవ్వేమో తన మోకాళ్లు చూసుకుంటూ నడిచే మనిషి.

"గంతెత్తు ఎట్ల అందినవే?"

"కోపమొస్తే అందుతది సారూ."

జమేదారు మీసం కింద నవ్వు ఆగలేదు. దొర మొహం మాడిపోయింది. "అయితే ఈ ముసల్దే కడగాలె. ఊరంత చూడాలె!"

అవ్వ కడవ తెచ్చుకుని గోడ అడుగున, చుక్క పేడ కూడా లేనిచోట, తెగ రుద్దుతోంది. నాకు భూమిలోకి దిగిపోవాలనిపించింది. పక్కకు చూస్తే మా వాడ మగాళ్లు నాకంటే ముందే దిగిపోయేలా ఉన్నారు. ఒకరి మొహం ఒకరు చూసుకోలేకపోతున్నారు.

యాదమ్మ పట్టు విడిపించుకుని సిద్దిరాములు వెళ్లాడు. నిచ్చెన తెచ్చి గోడకు వేశాడు. గుర్వయ్య వచ్చి దాన్ని పట్టుకున్నాడు. మరొకడు అడక్కుండానే నీళ్లకు పోయాడు.

సిద్దిరాములు అవ్వ చేతిలోని గుడ్డ అందుకున్నాడు. "నీకందదు అవ్వా... నేను కడుగుత."

జమేదారు ఇంకా అక్కడే ఉన్నాడు. అవ్వ వాడంతా వినేలా కసిరింది.

"ఎందుకందదు రా? పూసినప్పుడు అందలేదా?"