సూదులా, ప్లేటా

మొన్న చౌటుప్పల్‌లో మందుల కంపెనీలో పనిచేసే మా తమ్ముని కొడుకు వేలు విరిగిందని తెలిసి చూడబోతే, ఆపరేషన్ అయిన మరునాడే ఆ వేలిని మెల్లగా ముడిచి చూపించాడు. లోపల చిన్న స్క్రూలు మాత్రమే వేశారట. పక్కనున్న నా భార్య ఆ వేలినే చూస్తూ కూర్చుంది. తెలంగాణ వచ్చిన కొత్తలో మేము పడ్డ ఫికరంతా నా కళ్ల ముందు తిరిగింది.

అప్పటికి నేను నడుము నొప్పితో మగ్గం దిగి నూలు కండెలు చుట్టడంతో సరిపెట్టుకుంటున్నాను. ఇల్లు గడిచేది నా భార్య నేతతోనే. ఆలంపూర్ దర్శనానికి పోయినప్పుడు తుంగభద్ర మెట్ల మీద ఆమె కాలు జారి, ఆనుకోబోయిన కుడిచేతి ఉంగరపు వేలు ఒంటి బరువు కింద నలిగింది. బెణికిందనుకుని పసుపు పట్టు వేసుకుని ఇల్లు చేరాం కానీ వాపు తగ్గలేదు. నల్లగొండ దవాఖానలో ఎముకల డాక్టరమ్మ పిడికిలి బిగించమంటే, ఆ వేలు పక్కకు తిరిగి నడిమి వేలి మీదికెక్కింది.

ఎముక ఏటవాలుగా విరిగిందనీ, ఉత్త కట్టుకు నిలవక జారుతుందనీ చెప్పి, ఆమె రెండు దారులు వివరించింది. చర్మం కోయకుండా సన్నని స్టీలు సూదులు దింపితే గాయం తక్కువే, కానీ వాటిని తీసేదాకా వేలు కదపరాదు. కోసి ప్లేటు బిగిస్తే తొందరగా కదపవచ్చు, కానీ వేలిని ఆడించే నరం ప్లేటుకు అతుక్కుని బిగుసుకుపోవచ్చు. వెంట వచ్చిన మా బావమరిది ప్లేటే గట్టిదన్నాడు. నాకూ అదే నిజమనిపించింది. నా భార్య మాత్రం డాక్టరమ్మనే అడిగింది.

"మేడం, నాకు గట్టి వేలు గాదు, వంగే వేలు గావాలె. తెగిన పోగు అతకాలంటే ఏది మంచిది?"

"పూర్తిగ వంగుతదని దేనికీ మాట ఇయ్యలేనమ్మా. నీ ఎముక విరిగిన తీరుకు మాత్రం సూదులే మేలనిపిస్తాంది."

సూదులే వేయించాం. చర్మం బయటికి పొడుచుకొచ్చిన ఆ కొసలకు చీము పడుతుందేమోనని నేను పొద్దున లేవగానే కట్టు చుట్టూ చూసేవాణ్ణి. తీరా సూదులు తీశాక వేలు కట్టెలా నిలబడిపోయింది. ఆ పూట ఆమె అన్నం ముట్టలేదు. ప్లేటు వేయించి ఉంటే బాగుండేదేమోనని నాలో నేను కుమిలిపోయాను. డాక్టరమ్మ చెప్పినట్టే గోరువెచ్చని నీళ్లలో చెయ్యి ముంచి, పళ్లు బిగబట్టి, ఆమె ఆ వేలిని కొద్దికొద్దిగా వంచుతూ పోయింది. ఒకనాడు నేను కండె చుడుతుంటే మగ్గం గుంటలోంచి కేక వినిపించింది.

"గిటు జూడు, పోగు అతికింది!"

పరుగున పోయి చూస్తే ముడి ఎక్కడుందో నాకు కనబడలేదు. ఆమె నవ్వుతూ ఏడ్చింది, నేనూ అంతే. ఆ వేలు ఇప్పటికీ కొస దాకా ముడుచుకోదు, పని మాత్రం ఆగలేదు.

విరిగిన వేలు మరునాడే వంగే రోజులొచ్చాయి, సంతోషమే. కానీ మా వాడలో ఒకప్పుడు ఇంటింటా వినబడిన మగ్గాల చప్పుడు ఇప్పుడు మా ఇంటితో పాటు మరొకటి రెండిళ్లలోనే వినబడుతుంది. పొద్దున్నే పడుచువాళ్లంతా కంపెనీ బస్సెక్కి పోతారు. వాడ సద్దుమణిగాక ఆమె మగ్గం ఎక్కుతుంది. ఆ చప్పుడు మొదలైతే గాని నాకు చాయ్ రుచించదు.