ఒకే పేరుతో రెండు చావులు

భిలాయిలో కన్నుమూసిన మన ఉత్తరాంధ్ర పెద్దల పేర్లు, ఊళ్లు ఒక పుస్తకంలో రాసిపెడుతున్నాను. ఎవరూ అడగలేదు, నా తిక్క. ఈ రోజు ఇక్కడి సుపేలా బస్తీలో, పోయిన నెల చనిపోయిన ఒక పెద్దాయన ఇంటికి వెళ్లాను. అప్పలస్వామి గారనుకోండి. వంశవృక్షం రాస్తుంటే, చిన్నప్పుడే పోయిన ఆయన అన్న పేరూ అదేనని తేలింది. ఇదేమిటని కొడుకుని అడిగాను.

"అది పెదనాన్న పేరే అంకుల్. ఆయన బడి సర్టిఫికెట్ ఎట్టే నాన్న స్టీలు ప్లాంటులో చేరినారు."

"మరి నాన్నగారి అసలు పేరేటి బాబూ?"

"అది రాయకండి, అమ్మ పింఛనుకి గడబడ్ అయిపోద్ది."

నాకు ఒళ్లు మండింది. ఆ పుస్తకం తెరిచి చూసేది నేనొక్కణ్నే! ఇప్పుడందులో అప్పలస్వామి రెండుసార్లు చనిపోయాడు. ముప్పై ఏళ్లు బ్లాస్ట్ ఫర్నేస్ ముందు కాగిన మనిషి మాత్రం అసలు పుట్టనే లేదు. మీరైతే ఆయన పేరు గడిలో ఏం రాస్తారు?