సంచిలోని బంతి చెప్పిన తీర్పు

నాలుగేళ్లుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. నోటితో ఆడినది కాదు. నోరు విప్పకపోవడం వల్ల నిజంలా చెలామణీ అయినది. మొదటిసారి మీకే చెబుతున్నాను.

ఖతర్‌లోని దోహాలో మా కాలేజీ మైదానంలో శుక్రవారాలు అమెరికన్ ఫుట్‌బాల్ పోటీలు జరిగేవి. రిఫరీలకు సాయంగా బంతిలో సెన్సర్ అమర్చిన ప్రాజెక్టు నాది. బంతి చివరి గీతను తాకితే స్కోరు. తాకితే నా తెరపై ఆకుపచ్చ, లేకుంటే ఎరుపు. గీత దగ్గర నిలబడి చూసే లైన్ జడ్జి మల్లేశమన్న. జగిత్యాల వైపు మనిషి, వారమంతా భవన నిర్మాణ సైట్‌లో పని. ఆ ఒక్కపూట రిఫరీల చారల చొక్కా వేసుకుంటే అందరూ ఆయనను 'సర్' అనేవారు.

ఫైనల్లో ఆయన స్కోరైందని రెండు చేతులూ ఎత్తాడు. నా తెర ఎర్రగానే ఉంది.

"బాల్ గీతకు తాకింది చెల్లె. నా కండ్లతోని చూసిన."

"కన్ను పొరబడుతుందన్నా. సెన్సర్‌కు పక్షపాతం ఉండదు."

"గట్లనా? అయితే గా మిషిన్‌కే చొక్కా తొడుగుండ్రి, ఈడ నిలవడ్తది!"

అందరూ నవ్వారు. నేను నవ్వలేదు. డిబేట్లలో గెలిచిన గొంతుతో వాదించాను. స్కోరు రద్దయింది.

సామాను సర్దుతుంటే తెలిసింది. చెమటకు బంతి జారకుండా ఆట మధ్యలో మరో బంతి అందిస్తారు. బంతి మారినప్పుడల్లా తెరపై కొత్త బంతిలోని సెన్సర్ నంబరుకు మార్చవలసింది నేను. మార్చలేదు. నేను అంత ధీమాగా సాక్ష్యానికి పిలిచింది పక్కన సంచిలో పడి ఉన్న బంతిని. ఆటలో ఉన్న బంతి నంబరు వేసి చూస్తే, ఆ క్షణానికి ఆకుపచ్చ.

అప్పుడే ఎందుకు చెప్పలేదు? ప్రాజెక్టు పోతుందనా? కాదేమో. ప్రతివారి ఆధారాన్నీ ప్రశ్నించే నేను నా ఆధారాన్ని ఒక్కసారైనా ప్రశ్నించలేదని బయటపడుతుందన్న సిగ్గు, నాలో నేను న్యాయమని పిలుచుకున్న దానికంటే బలంగా ఉండింది. మరుసటి వారం నిర్వాహకులు, గీత దగ్గర ఇక మనిషి అవసరమా అని నన్నే అడిగారు. అవసరం లేదన్నట్టు తల ఊపాను.

మల్లేశమన్న చొక్కాను ఉతికి, మడతపెట్టి తెచ్చాడు. "ఎండల పనిజేసి కండ్లు మసకైనయేమో చెల్లె," అన్నాడు. ఆయన పదవి పోవడం కంటే ఇది ఘోరం. తన కళ్లను తానే నమ్మకుండా చేశాను. అప్పుడూ మాట్లాడలేదు.

తర్వాత ఆయనను దుఖాన్ అనే ఊళ్లోని సైట్‌కు మార్చారని విన్నాను. దారి గంటన్నర. వెళ్లలేదు. ఈ రాత ఆయనకు చేరదు, నన్ను నిర్దోషిని చేయదు. అయినా రాస్తుంటే గుండె కాస్త తేలికపడుతోంది. ఆ తేలికకు నాకు అర్హత ఉందో లేదో తెలియదు.

బంతి గీతను తాకింది. ఆయన సరిగ్గానే చూశాడు.