నూట అరవై మూడో వరుస

ద్వారబంధాలు రెండు. కప్పు కింది దంతె ఒకటి. టేకు పెట్టె అడుగు పలక ఒకటి. మా అత్త పెళ్లినాటి చీర ఒకటి, మడతల వెంబడి పన్నెండు చోట్ల. ఆరాధన పాటల పుస్తకాలు నాలుగు. మనుషుల పేర్లు మూడు వందల అరవై. మా పాత మట్టి మిద్దెలో చెదలు తిన్నవి ఇవి. ఈ లెక్క నా దగ్గర పదిహేడేళ్లుగా ఉంది. ఈ పొద్దున మళ్లీ తీయాల్సి వచ్చింది. వంటింట్లో క్యాలెండరు పేజీ మార్చడానికి దాన్ని మేకు నుంచి తీస్తే, వెనకాల సున్నపు గోడ మీద చిటికెన వేలంత లావున మట్టి గీత కనిపించింది. టేపు పెట్టి చూశాను. నాలుగంగుళాలు. ఇది సిమెంటు ఇల్లు. ఇందులోకి రావని మేస్త్రీ చెప్పాడు. పాత ఇంటికి కూడా రావనే చెప్పారు.

నేను గోడ దగ్గర పెన్సిలుతో నిలబడి ఉండగా మా బావ కాఫీ కోసం లోపలికి వచ్చాడు. బావంటే మా ఆయనకు అన్న. డెబ్భై ఎనిమిదేళ్లు. కళ్లజోడు పైకి నెట్టి గోడ వైపు చూసి, "రవ్వంత మన్నేలేమ్మా. ఇప్పుడు గూడా గోడలకు లెక్కలు రాస్తాండావా?" అన్నాడు. నవ్వాడు కూడా. కాఫీ ఇచ్చాను. చక్కెర వేయలేదు. అంతకు మించి నేను చేయగలిగింది ఏమీ లేదు.

మాది రాజంపేట దగ్గర పల్లె. మా అత్తవారిది అక్కడి చర్చిలో పాత కుటుంబం. చర్చి కప్పు కారేది కాబట్టి సంఘం పుస్తకాన్ని మా ఆయన వాళ్ల జేజినాయన, అంటే తాత, కాలం నుంచీ మా ఇంట్లోనే పెట్టేవారు. పడసాల గోడలో యాభై అంగుళాల ఎత్తున ఒక గూడు, ఆ గూటిలో టేకు పెట్టె, ఆ పెట్టెలో పుస్తకం. సంఘంలో పుట్టి బాప్తిస్మం పొందిన ప్రతి బిడ్డ పేరూ అందులో ఉంటుంది. పేరు ముందర అంకె, పక్కన తల్లిదండ్రులు, తేదీ, సాక్షులు. పుటకు ఆరు పేర్లు. నేను కోడలిగా వచ్చేనాటికి నాకున్న చదువు అయిదో తరగతి. లెక్కలు మాత్రం లారీలకు అరటి గెలలు ఎత్తే చోట నిలబడి, గెలలు లెక్కబెట్టి, నాకు నేనే నేర్చుకున్నాను. అందుకని ఏడాది పొడవునా పుట్టిన పిల్లల పేర్లు చిల్లర కాగితాల మీద రాసి ఉంచే పని నాకు అప్పగించారు. పుస్తకంలోకి ఎక్కించే పని మాత్రం సంఘ పెద్ద అయిన బావది. దానికి ఒక పద్ధతి ఉంది. పెట్టెను జనవరి ఫస్టు తప్ప ఇంకెప్పుడూ తెరవకూడదు. ఆ పొద్దున బావ దాన్ని తెల్ల గుడ్డలో చుట్టి, నెత్తిన పెట్టుకుని చర్చికి మోసుకుపోతాడు. అక్కడ ఆ ఏటి పేర్లు అందరి ముందూ ఎక్కించి, చదివి, మొత్తం ఎంతయిందో చెప్పి, మళ్లీ తాళం వేస్తాడు. తాళం చెవి ఆయన మొలతాటికే వేలాడేది. అంత గౌరవంగా చూసుకున్న వస్తువు మా ఊళ్లో ఇంకొకటి లేదు. ఆ గౌరవమే దాన్ని చెదలకు తినిపించింది.

ఆ ఏడు క్రిస్మసుకు ముందు బావ గూటి చుట్టూ గోడ మెత్తించాడు. పుట్టమన్నుతో మెత్తితే గోడ నున్నగా, గట్టిగా వస్తుందని మా వైపు అందరికీ తెలుసు. ఆ మన్నును తెచ్చి, నాలుగు రోజులు ఎండబెట్టి, జల్లించి, అప్పుడు నానబెట్టి వాడతారన్నదీ అందరికీ తెలుసు. పండగ నెత్తి మీదికి వచ్చిందని బావ బండి మన్ను తెప్పించి ఆ సాయంత్రమే నానబోశాడు. చెదలు ఆ మన్నుతోనే వచ్చాయో, నేల లోపలి నుంచి వచ్చాయో నేను ప్రమాణం చేసి చెప్పలేను. అంతకు ముందు అరవై ఏళ్లు రాలేదు, ఆ తర్వాత రెండు నెలలకు వచ్చాయి, అంతవరకే చెప్పగలను.

మార్చి నెల మొదటి వారంలో గూటి కింద నేల నుంచి పద్నాలుగు అంగుళాల ఎత్తుకు మట్టి గీత లేచి ఉండటం చూశాను. మరుసటి పొద్దున చూస్తే పదిహేనున్నర. ఆ మరుసటి పొద్దున పదిహేడు. పెన్సిలుతో గోడ మీద గుర్తులు పెడుతూ వచ్చాను. రోజుకు ఒకటిన్నర అంగుళం చొప్పున, మొదట చూసిన రోజు నుంచి ఇరవై నాలుగో రోజుకు అది గూటికి చేరుతుంది. ఇది లెక్కలు రానివాళ్లకు కూడా అర్థమయ్యే లెక్క. బావ ఎదుట నిలబడి మాట్లాడే అలవాటు మా ఇంటి కోడళ్లకు లేదు కాబట్టి తలుపు వారన నిలబడి చెప్పాను.

"బావా, పెట్టె ఒకసారి తీసి చూడండి. చెద గూటి పక్కకు ఎక్కుతాండాది. ఇంకా ఇరవై రోజులుండాది, అంతే."

"ఏమ్మా, దానికి బస్సు టైమింగు గూడా రాసినావా?" అన్నాడు బావ. పడసాలలో కూర్చున్న నలుగురూ నవ్వారు. మా ఆయన కూడా నవ్వాడు, ఆ సంగతి నేను మర్చిపోలేదు. "పెట్టె ఫస్టు తారీకే తెరిచేది. మా జేజినాయన పెట్టిన కట్టుబాటు. చెదపురుగు కోసరం మారుస్తామా?"

సరే, పెట్టె తెరవరు, గోడనైనా చూసుకుందామని అత్తా నేనూ దిగాం. చీపురుతో గీతను రాల్చాం. తెల్లారేసరికి మళ్లీ కట్టాయి. వేపాకు ఉడకబెట్టిన నీళ్లు పోశాం. కిరసనాయిలు పోశాం. ఇల్లంతా వారం రోజులు లాంతరు వాసన కొట్టింది, కూడు కూడా అదే వాసన. ట్రాక్టరు షెడ్డు నుంచి కాలిన ఆయిలు తెచ్చి గోడ మొదట్లో పూశాం, మా ఆయన తెల్ల పంచె దానికి ఆనింది, అది వేరే గొడవ. ముప్పై ఒకటో అంగుళం దగ్గర గీత ఆగిపోయింది. ఒకటి, రెండు, వారం రోజులు చూశాను, కదల్లేదు. గెలిచామని అత్త పాయసం కూడా చేసింది. నేను పెన్సిలు తీసుకుపోయి డబ్బాలో పెట్టేశాను. బావ మీద కోపం ఎంత ఉందో, ఆ పెన్సిలు డబ్బాలో పెట్టిన చేతి మీదా అంతే ఉంది. అది ఆగలేదు. గోడ పైన దారి మూసుకుపోతే గోడ లోపల దారి తవ్వుకుంది. కనబడనంత మాత్రాన అంకె ఆగదని, అన్ని లెక్కలు వేసిన నాకు తోచలేదు.

ఆగస్టులో ఇంకొక అవకాశం వచ్చింది. దాన్ని మేమే మా చేతులతో చంపాం. గూటి మూలనున్న పగులు నుంచి నల్ల చీమలు బారు కట్టి దిగుతున్నాయి, ఒక్కొక్క దాని నోట్లో తెల్లటి గింజ. అత్తకు మండుకొచ్చింది. "దొంగముండలు, రవ్వ డబ్బాకు దోవ కనుక్కున్యాయి" అని చీమల మందు చల్లి, అది చాలదన్నట్టు మరిగే నీళ్లు పోసింది. రవ్వ డబ్బా వంటింట్లో ఉంది, గూడు పడసాలలో ఉంది, రవ్వ అక్కడి నుంచి ఎట్లా దిగుతుందని అప్పటికే నాకు అనుమానం. చచ్చిన చీమను అరచేతిలో పెట్టుకుని చూస్తే, దాని నోట్లోని గింజకు కాళ్లున్నాయి. చెదపురుగు. గోడలో చెదలున్నాయని మాకు కనిపెట్టి చెప్పినవి, వాటిని ఒక్కొక్కటిగా మోసుకుపోయి మాకు మేలు చేస్తున్నవి ఆ చీమలే. ఇంటి మొత్తంలో పని చేస్తున్న వాటిని వెతికి మరీ చంపుకున్నాం. అరచేతిలోని చీమను తలుపు వారన నుంచి బావకు చూపించాను. ఆయన చేతిని కూడా చూడలేదు. "ఇంగ నాలుగు నెలలే గదమ్మా, ఓర్చుకో" అన్నాడు.

జనవరి ఫస్టు వచ్చింది. బావ పెట్టెను నెత్తికి ఎత్తుకున్నాడు. "ఈసారి తేలిగ్గా ఉండాదే" అన్నాడు, తన ఒంట్లో బలం పెరిగిందన్నంత సంతోషంగా. చర్చిలో బల్ల మీద పెట్టి, గుడ్డ విప్పి, తాళం తీసి, అట్ట ఎత్తాడు. నేను రెండో వరుసలో ఉన్నాను. ఆకుల అంచులు నాకు కనబడ్డాయి. పైన మూడో వంతు తెల్లగా ఉంది. కింద రెండు వంతులు పుస్తకం ఆకారంలో ఉన్న మట్టి. ముందటి ఏడు చదివిన మొత్తం నాలుగు వందల ఎనభై ఆరు. అందులో మూడో వంతు నూట అరవై రెండు. దూరం నుంచి చూసిన అంచనా కాబట్టి పదో పదిహేనో అటూ ఇటూ కావచ్చు. బావ టక్కున అట్ట మూశాడు. "నాకు గొంతు బాగలేదు, ఈసారి పేర్లు చదివేది లేదు" అని ఉన్న గొంతుతోనే గట్టిగా చెప్పి, పెట్టెను ఇంటికి తెచ్చి, తన మంచం కిందికి నెట్టాడు. పెట్టె అడుగున అవి ఇంకా తింటూనే ఉన్నాయి. పందొమ్మిది రోజులు అక్కడే ఉంచాడు. సిగ్గుపడి ఉంచాడు. తన సిగ్గును కాపాడుకోవడానికి వాటికి పందొమ్మిది రోజుల మేత పెట్టాడు. ఇరవయ్యో రోజు ఆయన ఊరికి పోయినప్పుడు నేను సుత్తితో తాళం కొట్టి తెరిచాను. అప్పటికి మిగిలినవి నూట ఇరవై ఆరు పేర్లు. బావ తిరిగి వచ్చి పగిలిన తాళం చూసి అన్న మాట, "దేవుని చిత్తం. చెదలు పడితే ఎవురేం జేస్తారు?" దేవుని మీద అంత తేలిగ్గా నేరం మోపిన సంఘ పెద్దను నేను ఇంకొకరిని చూడలేదు.

నాకు కావలసింది నూట అరవై మూడు. నిజానికి అది అత్తకు కావలసింది. బావ కంటే ముందు అత్తకు ఒక మగపిల్లవాడు పుట్టి పదకొండు రోజులు బతికాడు. బతకడని తెలిసి ఏడో రోజున అప్పటి పాస్టరు అయ్యగారు ఇంటికే వచ్చి, నీళ్లు చల్లి, తనకు తోచిన పేరు పెట్టి, పుస్తకంలో రాసుకున్నారు. ఫోటో లేదు, ఇప్పుడు సమాధి కూడా గుర్తు లేదు. ప్రతి జనవరి ఫస్టున పెట్టెకు తాళం వేయక ముందు అత్త ముందుకు పోయేది. బావ ఆ పుట తీసి, ఆమె వేలు పట్టుకుని ఆ వరుస మీద పెట్టేవాడు. అత్తకు చదువు రాదు. వేలు మాత్రం కాసేపు అక్కడే ఉంచేది. ఒక ఏడు బావ ఎవరితోనో మాటల్లో ఉంటే ఆ పుట నేను తీశాను. "నూట అరవై మూడు, అత్తా, పుటలో మొదటిదే" అన్నాను. పేరు కూడా చదివి వినిపించాను. "ఆఁ, వాడే" అంది అత్త.

తాళం పగలగొట్టిన రోజున అత్త నా పక్కనే నేల మీద కూర్చుని ఉంది. చివరి ఆకు చూశాను, నూట ఇరవై ఆరు. దాని తర్వాత నాలుగో ఆకు మీద ఉండాలి ఆ వరుస. నాలుగు ఆకులు. ఫస్టు తారీకున ఆ ఆకు ఇంకా ఉండిందేమో, నేను ప్రమాణం చేసి చెప్పలేను. బావను అడిగితే, పుట గుర్తుందిగాని పేరు ఎప్పుడూ చూడలేదన్నాడు. అత్తను అడిగాను. "పేరు పెట్టిన నాలుగో నాటికే పాయ. నేను బుడ్డోడా అనే పిల్చుకుంటి. ఆ పేరుతో పిలిచిందెప్పుడు, గుర్తుండేదానికి?" అని, నా వైపు తిరిగింది. "నువ్వు చదివినావు గదమ్మే. నీకు అంకె గుర్తుండాదే, పేరు గుర్తులేదా?"

లేదు. అరటి గెలల లెక్క ముప్పై ఏళ్ల నాటిది కూడా చెప్పగలను. ఆ పేరు గుర్తులేదు. బైబిల్లోని మగవాళ్ల పేర్లన్నీ ఒక్కొక్కటిగా అత్తకు చదివి వినిపించాను, మూడు సార్లు. కొన్నింటి దగ్గర ఆగేది, తల అడ్డంగా ఊపేది. మూడోసారి, "చాల్లే, యాదో ఒగటి ఒప్పుకుంటానని భయమైతాంది" అంది. అత్త పోయి నాలుగేళ్లయింది. ఆమె వేలు పెట్టడానికి వరుస దొరకలేదు.

పోయిన పేర్ల కోసం ఇల్లిల్లూ తిరిగాను. ఏ కరువు ఏట పుట్టారు, ఏ బావి తవ్వేటప్పుడు పుట్టారు, ఎవరి తర్వాత ఎవరు అని అడిగి, వాళ్ల పాత పాటల పుస్తకాల అట్టల మీద రాసుకున్నవి చూసి, మొదటి ఏడాది రెండు వందల పద్నాలుగు పేర్లు తెచ్చాను. రెండో ఏడాది డెబ్భై ఒకటి. తర్వాత తొమ్మిదేళ్లలో ముప్పై నాలుగు. ఈ ఆరేళ్లలో ఒక్కటీ లేదు. కొత్త పుస్తకం ఇనుప బీరువాలో ఉంది. దానికి కట్టుబాట్లు లేవు. ప్రతి ఆదివారం తెరుస్తాను, ఎవరడిగినా తెరుస్తాను. దొరకని చోట్ల అంకె వేసి వరుస ఖాళీగా వదిలాను. బావ మొలతాటికి ఆ పాత తాళం చెవి ఇప్పటికీ వేలాడుతోంది. తాళం లేదు, పెట్టె లేదు.

కాఫీ గ్లాసు కింద పెట్టి ఆయన బయటికి పోయాక క్యాలెండరు వెనకాల గీత చివర పెన్సిలు గుర్తు పెట్టాను. ఈసారి పెన్సిలు డబ్బాలోకి పోదు. ఆ చెదలు పదినెలల్లో మూడు వందల అరవై పేర్లు తిన్నాయి. నేను పదిహేడేళ్లలో మూడు వందల పందొమ్మిది తెచ్చాను. గుర్తున్నవాళ్లు ఏటికి ఇద్దరో ముగ్గురో పోతున్నారు, ఆ అంకె మాత్రం ఏ ఏడూ ఆగదు. ఇంకా రావలసినవి నలభై ఒకటి. వాటిలో మొదటి దాన్ని ఒకప్పుడు నా నోటితోనే చదివాను.