దానియేలు మాస్టారు ఫోన్ ఎంచుకున్న రోజు

మొన్న విజయనగరం బస్సులో నా వెనక సీట్లోంచి ఒక ఫోన్ గడగడా మాట్లాడింది. తెలుగు పేర్లను విరిచి విరిచి పలికే యంత్రపు గొంతు. తిరిగి చూసేలోపే దానియేలు మాస్టారు గుర్తొచ్చేశారు.

ఆయన మా హైస్కూల్లో సోషల్ టీచరు. పుట్టుకతోనే చూపు లేదు. నేను అదే బడిలో కొత్తగా చేరిన లెక్కల టీచర్ని. టచ్ ఫోన్లు మా వైపు అప్పుడప్పుడే వస్తున్న రోజులవి. ఆ ఏడాది పరీక్షల బాధ్యత సీనియారిటీ ప్రకారం మాస్టారికి రావాలి. హెడ్మాస్టారు నసిగారు. "తేదీలు, గదులు, డ్యూటీలు... ఇన్ని కాగితాలు మీకెవరు చదివి పెడతారండీ?"

"నెల్లాళ్లు టైమివ్వండి సార్" అన్నారు మాస్టారు. ఆ గొంతులో బతిమాలుకోవడం లేదు.

శనివారం సాయంత్రం నన్ను తోడు రమ్మన్నారు. "ఫోనూ డైరీ రెండూ ఒకదాన్లోనే వస్తన్నాయటమ్మా. ఎంచుకోడం నాకొగ్గేయ్. నేనేటి అడిగితే అది సెప్పు, సాలు."

షాపాయన నా వంకే చూస్తూ, "పెద్ద నంబర్ల ఫోనొకటి ఆయనకి సాలదేటి మేడమ్?" అన్నాడు.

"ఫోను నాకండీ. నాతో మాటాడండి" అన్నారు మాస్టారు నవ్వుతూనే.

ముందు టచ్ ఫోన్ ఇచ్చాడు. మాస్టారి వేళ్లు అద్దం మీద అటూ ఇటూ జారాయి. "గోడలాగున్నాది. తలుపేదీ?" అని తిరిగిచ్చేశారు. ఇంకో రెండు చూశారు. నాలుగోదాని మీటలు తడుముతూ అయిదో అంకె మీద వేళ్లకు గుర్తుగా ఉండే చిన్న బొడిపె దగ్గర ఆగారు. తన స్నేహితుడిచ్చిన మెమరీ కార్డు జేబులోంచి తీసి, అందులోని చదివి వినిపించే ప్రోగ్రాము వేయించుకున్నారు. డైరీలో సోమవారం స్టాఫ్ మీటింగని తానే ఎక్కించారు. తరవాత బ్యాటరీ ఊడదీసి బల్ల మీద పెట్టారు.

"ఇదేటండీ బాబూ!" అన్నాడు షాపాయన.

మాస్టారు బ్యాటరీ మళ్లీ బిగించి, ఫోన్ వెలిగించి, డైరీ తెరిచారు. సోమవారం, స్టాఫ్ మీటింగు అంది ఫోన్, వంకర ఉచ్చారణతో. "ఇదే కావాలి. దీనికి మరపు లేదు" అన్నారు మాస్టారు. షాపాయన అప్పుడు మొదటిసారి ఆయన మొహంలోకి చూశాడు.

నెల్లాళ్లూ మధ్యాహ్నం విరామంలో నేను కాగితాలు చదివేదాన్ని, ఆయన ఎక్కించుకునేవారు. గడువు రోజున స్టాఫంతా కూర్చుంది. "మూడో రోజు, ఆరో గదిలో ఎవరు?" అని హెడ్మాస్టారు పరీక్షించారు. మాస్టారు ఫోన్‌కున్న ఇయర్‌ఫోన్ చెవిలో పెట్టుకుని నాలుగు మీటలు నొక్కారు.

"హిందీ టీచరమ్మండి. కానీ ఆ రోజుకి ఆమెకి మీరు సెలవిచ్చారు సార్. పేరు మార్చాల."

హెడ్మాస్టారు తన కాగితం చూసుకున్నారు. అందులో ఆవిడ పేరే ఉంది. ఆ తప్పు మా ఎవరి కళ్లకూ ఆనలేదు. గదంతా చప్పట్లు. హెడ్మాస్టారు లేచి వచ్చి, ప్రశ్నపత్రాల బీరువా తాళాలు మాస్టారి అరచేతిలో పెట్టి, రెండు చేతులతో ఆ చేతిని మూసి పట్టుకున్నారు. ఆ ఏడాది పరీక్షలు ఒక్క పొరపాటు లేకుండా జరిగాయి. ఆయన రిటైరయ్యేదాకా ఆ తాళాలు ఇంకెవరి చేతికీ వెళ్లలేదు.

అప్పటిదాకా నా చదువు, ఉద్యోగం, చివరికి నా బ్యాగులోని ఫోన్ కూడా ఇంట్లోవాళ్లు ఎంచి ఇచ్చినవే. నాకేం కావాలో అడిగి తెచ్చుకోవచ్చని ఆయన పక్కన నిలబడి నేర్చుకున్నాను. ఇప్పుడు నేనూ హెడ్మిస్ట్రెస్‌నే. ఎవరికైనా పని అప్పగించేటప్పుడు, మీవల్ల అవుతుందా అన్న ప్రశ్న నా నోట రాదు. ఏం కావాలో చెప్పమంటాను. చెప్పేదాకా ఆగుతాను.